సూరత్‌లో పోలీసులను లెక్క అడిగేదెవరు

పోలీసు వ్యవస్థపై స్థానిక పర్యవేక్షణ అన్న మాటలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒక పేటలో ఏ నేరాన్ని ముందు పట్టించుకోవాలి, ఏ వీధిలో రాత్రి గస్తీ పెంచాలి, ఉన్న కొద్దిమంది సిబ్బందిని దేనికి వాడాలి అన్నది మొదటిది. దీన్ని భద్రతా ప్రాధాన్యాల నిర్ణయం అనవచ్చు. ఠాణాలో ఫిర్యాదు నమోదు కాకపోయినా, అదుపులోకి తీసుకున్న మనిషి ఒంటిమీద దెబ్బలు తేలినా, సోదాలన్నీ పేదల బస్తీల్లోనే జరుగుతున్నా సంజాయిషీ ఎవరు అడగాలి, ఏ అధికారంతో అడగాలి అన్నది రెండోది, ఇది జవాబుదారీతనం. మొదటి ప్రశ్నకు సూరత్ నగరంలో వేదికలు తక్కువేమీ లేవు. రెండో ప్రశ్నకు చట్టం చూపే చోట్లు బహుకొద్ది, అవీ సామాన్యుడికి అందేంత దగ్గరలో లేవు. మొర చెప్పుకునే చోటు ఉండి లెక్క అడిగే చోటు లేనప్పుడు, ప్రాధాన్యాల పట్టిక అప్పటికే పలుకుబడి ఉన్నవారి పట్టికగా మారిపోతుందన్నది ఈ సమీక్షకు మూలమైన వాదన.

2011 జనగణన నాటికే జనాభా 44 లక్షలు దాటిన ఈ నగరం వజ్రాల సాన పని మీద, కృత్రిమ నూలు బట్టల నేత, అద్దకం, వ్యాపారాల మీద బతుకుతున్నది. ఆ పనులు చేసే చేతుల్లో చాలా భాగం సౌరాష్ట్ర, ఖాందేశ్, ఒడిశాలోని గంజాం, ఉత్తరప్రదేశ్, బీహార్, తెలంగాణల నుంచి వచ్చినవి. సిరిసిల్ల నేతగాళ్లు సాంచెలని పిలిచే మరమగ్గాల మీద పనికి వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు వలస వచ్చి, లింబాయత్, ఉధనా పరిసరాల్లో తరాలుగా స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండడం ఆ స్థిరనివాసానికి సాక్ష్యం. బతుకుతెరువుకు ఒంటరిగా వచ్చిన మగవారు ఎక్కువ కావడంతో 2011లో సూరత్ జిల్లాలో వెయ్యిమంది పురుషులకు స్త్రీల సంఖ్య ఎనిమిది వందలకు కూడా చేరలేదు. ఇంతమంది వలసదారులు, వారిలో ఎందరో ఇక్కడ ఓటు కూడా లేనివారు, ఉన్న ఊళ్లో స్థానిక పర్యవేక్షణ గురించి మాట్లాడేముందు స్థానికులంటే ఎవరన్నది తేల్చుకోవలసి వస్తుంది.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు పోలీసును రాష్ట్ర జాబితాలో పెట్టింది. 74వ సవరణ ద్వారా 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పన్నెండో షెడ్యూలు పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పద్దెనిమిది బాధ్యతలను పేర్కొన్నది. వాటిలో వీధి దీపాలు, రోడ్లు, అగ్నిమాపక సేవలు, మురికివాడల అభివృద్ధి ఉన్నాయి గాని పోలీసు పని లేదు. అందువల్ల సూరత్ నగరపాలక సంస్థలోని 30 వార్డులకు చెందిన 120 మంది కార్పొరేటర్లు ఒక సందులో దీపం వెలగడం లేదని అధికారిని నిలదీయగలరు గాని, ఆ చీకట్లో గొలుసు దొంగతనం జరిగితే గస్తీ ఎందుకు రాలేదని పోలీసును సభలో అడగలేరు. భద్రత మాత్రం ఈ రెండు శాఖల సరిహద్దును పాటించదు. 2019 మే 24న సర్థాణాలోని తక్షశిల ఆర్కేడ్‌లో చెలరేగిన మంటలు 22 మంది విద్యార్థులను పొట్టన పెట్టుకున్నప్పుడు, ఆ ప్రమాదానికి మూలాలు కట్టడపు అనుమతుల్లో, అగ్నిమాపక తనిఖీల్లో కనిపించాయి తప్ప ఏ ఠాణా పరిధిలోనూ కాదు.

నగర పోలీసు కమిషనరేట్ పద్ధతిలో నడుస్తుంది. జిల్లాల్లో కలెక్టరు, ఇతర మేజిస్ట్రేట్ల చేతిలో ఉండే కొన్ని ఉత్తర్వుల అధికారాలు ఈ పద్ధతిలో పోలీసు కమిషనర్‌కే దక్కుతాయి. గుంపులుగా గుమికూడరాదన్నా, అద్దెకు దిగినవారి వివరాలను ఇంటి యజమాని ఠాణాలో ఇవ్వాలన్నా, 2024 జులై 1కి ముందు నేర విచారణ ప్రక్రియా స్మృతి 144వ సెక్షను కింద, ఆ తరువాత భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షను కింద కమిషనరే ప్రకటన జారీ చేస్తారు. దాన్ని ఉల్లంఘించినవారి మీద కేసు పెట్టేదీ ఆయన సిబ్బందే. 1985 నాటి గుజరాత్ సంఘవ్యతిరేక కార్యకలాపాల నివారణ చట్టం, ప్రజల నోట ‘పాసా’, కింద ముందస్తు నిర్బంధపు ఉత్తర్వు ఇచ్చే అధికారమూ కమిషనర్‌కు ఉంది. తెలుగు పాఠకులకు పీడీ యాక్టుగా తెలిసిన 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం దీనికి తోబుట్టువు లాంటిది. ఆదేశించే చెయ్యి, అమలు చేసే చెయ్యి ఒకటే అయినప్పుడు మధ్యలో నిలిచి ప్రశ్నించే మూడో మనిషి అవసరం తగ్గదు, ఇంకా పెరుగుతుంది. అద్దెదారుల నమోదు కాగితం మీద అందరికీ వర్తించే నిబంధనే గాని, దాని బరువు పడేది ఒక్కో గదిలో పదిమంది చొప్పున పాళీలవారీగా నిద్రపోయే మగ్గం కార్మికుల మీద. ఆ కార్మికుడు పోలీసు రికార్డులోకి అనుమానించదగిన మనిషిగా ముందు ఎక్కుతాడు, రక్షణ పొందవలసిన మనిషిగా ఎక్కడం ఆ తరువాతి మాట.

వినే వేదికల సంగతికి వస్తే, గుజరాత్ పోలీసులు ఈ విషయంలో చాలా రాష్ట్రాలకంటే చురుగ్గా ఉన్నారని ఒప్పుకోవాలి. ప్రజలను ఒకచోటికి పిలిచి అధికారులు సమస్యలు వినే లోక్ దర్బార్లు, పండుగలకు ముందు పేట పెద్దలతో జరిగే శాంతి సమితులు, సముదాయంతో కలిసి పనిచేయడానికి 2012లో మొదలైన సురక్షా సేతు సొసైటీ, 2015లో రాష్ట్రమంతటికీ విస్తరించిన 181 అభయం మహిళా సహాయ వాణి, హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న మొదలైనవాటిని తలపించే షీ టీములు, ఇవన్నీ పనిచేస్తున్నవే. లోపం వాటి నిర్మాణంలో ఉంది. సభ్యులను ఎంపిక చేసేది పోలీసు అధికారి, ఎజెండా ఆయనది, చెప్పిన సమస్య ఏమైందో తరువాతి సమావేశంలో చదివి వినిపించాలన్న నియమం లేదు. పిలుపు అందేది దుకాణదారుల సంఘానికి, హౌసింగ్ సొసైటీ కార్యదర్శికి, కుల సంఘం అధ్యక్షుడికి. పన్నెండు గంటల పాళీలో ఉన్న కార్మికుడికి, ఇంటి వద్ద చీరలకు జరీ అంటించే పని చేసే స్త్రీకి ఆ వేళ తీరిక ఉండదు, పిలుపూ ఉండదు.

వ్యవస్థీకృతమైన గొంతుకు ఎంత బలం ఉంటుందో బట్టల మార్కెట్ చూపిస్తుంది. అరువు మీద సరుకు తీసుకుని, కొంతకాలం డబ్బు సరిగ్గా చెల్లించి నమ్మకం సంపాదించి, ఒక్కసారిగా పెద్ద సరుకుతో దుకాణం మూసి మాయమయ్యే మోసాన్ని అక్కడ ‘ఉఠమణా’ అంటారు. రింగ్ రోడ్డు వ్యాపారుల సంఘాలు ఏళ్లతరబడి ఒత్తిడి తేవడంతో ఈ మోసాలు నగర పోలీసుల ప్రధాన వ్యవహారాల్లో ఒకటయ్యాయి. ఇది తప్పు కాదు. ఒక్క ఉఠమణా వెనుక ఎందరో చిన్న నేతదారుల రాబడి మునిగిపోతుంది. ప్రశ్నించవలసింది ఇంకొకటి. కాంట్రాక్టరు నెల కూలి ఎగ్గొట్టి మాయమైతే అది కూడా నమ్మించి చేసిన మోసమే అయినా ఠాణా దాన్ని లేబర్ ఆఫీసు వ్యవహారమని తిప్పి పంపగలదు; ఆ తేడాను ప్రశ్నించడానికి కార్మికుడి తరఫున ఆ గదిలో కుర్చీ లేదు.

ఉన్న అసలు పర్యవేక్షణ అనధికారికమైనది. కార్పొరేటరో, ఎమ్మెల్యే మనిషో, కుల పెద్దో ఠాణా పి.ఐ.కి, అంటే ఠాణా బాధ్యుడైన పోలీస్ ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేస్తే పని జరుగుతుంది. తెలుగు పల్లెల్లోనూ పట్నాల్లోనూ సిఫారసు అన్న మాటకు ఉన్న బలమే ఇక్కడా ఉంది. దాన్ని కేవలం అవినీతిగా కొట్టిపారేయడం తేలిక గాని సరి కాదు, ఎందుకంటే దిక్కులేనివాడికి చాలాసార్లు ఆ ఫోనే దిక్కు. కాని సిఫారసు ఎక్కడా నమోదు కాదు, అందరికీ సమంగా దొరకదు, పొందినవాడిని రుణపడేలా చేస్తుంది.

కెమెరాల విషయంలో డబ్బు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. 2013లో ప్రారంభమైన సూరత్ సేఫ్ సిటీ పథకం దేశంలో పోలీసు కెమెరాల జాలానికి తొలి నమూనాల్లో ఒకటి. అది ప్రభుత్వ నిధితో మాత్రమే కాక, ఒక ట్రస్టు ద్వారా వ్యాపార, పారిశ్రామిక వర్గాల విరాళాలతో రూపొందింది. 2015లో జపాన్ కంపెనీ ఎన్.ఇ.సి. తయారుచేసిన ముఖ గుర్తింపు సాంకేతికత కూడా దీనికి తోడైంది. 2022లో గుజరాత్ శాసనసభ ఆమోదించిన ప్రజా భద్రతా చట్టం వెయ్యిమంది వచ్చిపోయే స్థలాల్లో కెమెరాలను తప్పనిసరి చేసి, దృశ్యాలను 30 రోజులు దాచాలని నిర్దేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇలాంటి చట్టాన్ని 2013లోనే, వందమంది వచ్చే స్థలాలకే వర్తించేలా తెచ్చుకున్నది. హైదరాబాద్‌లో కాలనీల విరాళాలతో కెమెరాలు నిండడానికి నేపథ్యం అదే. విరాళం మంచి మనసుతో ఇచ్చినదే కావచ్చు. అయినా పోలీసు పరికరానికి డబ్బిచ్చినవాడు కెమెరా ఏ కూడలిలో నిలవాలో చెప్పగలిగే స్థితిలో ఉంటాడు, కెమెరా కింద నడిచేవాడికి ఆ అవకాశం ఉండదు. దృశ్యాలు ఎవరు చూస్తున్నారు, ముఖ గుర్తింపు ఎన్నిసార్లు పొరపడింది అని అడిగే హక్కున్న స్థానిక సంస్థ ఒక్కటీ లేకుండానే ఇంత నిర్మాణం పూర్తయింది.

స్థానిక ప్రాధాన్యాలను కిందనుంచి కంటే పైనుంచి నిర్ణయించే బలం చాలా ఎక్కువ. గుజరాత్‌లో మద్యనిషేధం అమలే ప్రతి ఠాణా సమయంలో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. అది రాష్ట్ర విధానం, పేట ఎంపిక కాదు. 2025 మార్చిలో అహ్మదాబాద్‌లోని వస్త్రాల్‌లో ఒక మూక చేసిన దాడి తరువాత, నూరు గంటల్లో అసాంఘిక శక్తుల జాబితాలు సిద్ధం చేయాలని రాష్ట్ర పోలీసు అధిపతి అన్ని ఠాణాలనూ ఆదేశించారు. ఎవరి పేరు ఏ కారణంతో ఎక్కింది, తప్పుగా ఎక్కితే ఎవరికి చెప్పుకోవాలి అన్నది అంత తొందరలో తేలే విషయం కాదు. పైనుంచి వచ్చినదల్లా చెడ్డదని చెప్పడానికీ లేదు. 2023 జనవరిలో అక్రమ వడ్డీ వ్యాపారుల మీద రాష్ట్రమంతటా జరిగిన దాడుల్లో భాగంగా పెట్టిన లోక్ దర్బార్లు, ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకుని నడ్డి విరిచే వడ్డీవాళ్ల భయంలో బతుకుతున్నవారికి నోరు విప్పే వీలు కల్పించాయి. వేదిక అదే, అధికారులు వాళ్లే. బలహీనుడి బాధ ఆ నెల ప్రాధాన్యమైంది. ఆ నెల గడిచాక అది అలాగే ప్రాధాన్యంగా నిలిచిందా అని చూసే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

ఈ లోటు అందరికీ కనబడిన సందర్భం 2020 వసంతం. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి, కూలి ఆగి, ఊరికి పోయే దారి మూసుకుపోయిన కార్మికులు ఏప్రిల్ 10 రాత్రి లస్కాణాలో, ఆ తరువాత వరాఛాలో, మే మొదట్లో పలసాణా దగ్గర వరేలీలో రోడ్ల మీదికి వచ్చారు. వారు కోరినవి మూడే: తిండి, రావలసిన కూలి, రైలు. రాజ్యం వారి ముందు నిలబెట్టినది పోలీసును. లాఠీలు, బాష్పవాయువు, అరెస్టులు ఆ రోజుల్లో నడిచాయి. ఆ రాత్రుల్లో కానిస్టేబుళ్లు కూడా తమది కాని సమస్య ముందు నిలబడిన మనుషులే అన్నది నిజం. కార్మికుల గొంతును వారాల ముందే అధికారుల దాకా చేర్చగల వార్డు స్థాయి వేదిక ఒకటి ఉండి ఉంటే, ఆకలి శాంతిభద్రతల సమస్యగా పేరు మార్చుకోవలసిన అవసరం వచ్చేది కాదు.

జవాబుదారీతనపు చట్టం వైపు చూస్తే ప్రస్తావించవలసిన తీర్పు ప్రకాశ్ సింగ్ కేసుది. విశ్రాంత పోలీసు అధిపతి ప్రకాశ్ సింగ్, మరికొందరు 1996లో వేసిన పిటిషను మీద సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఏడు ఆదేశాలిచ్చింది. వాటిలో ఒకటి రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలను నెలకొల్పడం. జిల్లా సంస్థకు విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షత వహించాలన్నది కోర్టు ఉద్దేశం. పోలీసు మీద ఫిర్యాదును పోలీసే విచారించకూడదన్న మామూలు న్యాయసూత్రమే దీనికి ప్రాణం. గుజరాత్ 2007లో బొంబాయి పోలీసు చట్టాన్ని సవరించి ఈ సంస్థలకు చోటిచ్చింది గాని, జిల్లా సంస్థకు అధ్యక్షుడిగా జిల్లా పోలీసు సూపరింటెండెంట్‌నే కూర్చోబెట్టి, ఆయన కింది డిప్యూటీ సూపరింటెండెంట్‌ను కార్యదర్శిని చేసి, అధికార యంత్రాంగం నుంచి ఒకరిని, శాసనసభ్యులిద్దరిని చేర్చింది. ఫిర్యాదు తిరిగి తిరిగి బయలుదేరిన ఇంటికే చేరే ఏర్పాటిది. తీర్పు ఆత్మకు ఇంత దూరంగా వెళ్లిన సవరణను అమలు అని పిలవడం కష్టం. తెలుగు రాష్ట్రాలు కూడా ఏళ్లు గడిపి, హైకోర్టులు కదిలించాక గాని కదలని చరిత్రగలవే కనుక, ఈ విమర్శలో వాటికి మినహాయింపు లేదు.

స్థానిక ప్రతినిధులకు పోలీసును పర్యవేక్షించే అధికారం ఇవ్వడం మీద గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోరాదు. వార్డులో మెజారిటీ వర్గం తన భయాన్నే ప్రాధాన్యంగా రాయించి, పక్క సందులోని మైనారిటీనే ప్రమాదంగా చూపించవచ్చు; 1992 డిసెంబరులో సూరత్ చూసిన మత హింస తరువాత ఇది ఊహ మాత్రమే అని ఎవరూ అనలేరు. దీనికి ఆచరణలో దొరికిన జవాబు సూరత్‌కు అక్క వరుసయ్యే మరో మగ్గాల పట్టణం, పద్మశాలీలు పెద్ద సంఖ్యలో ఉన్న భివండీలో ఉంది. 1970లో, 1984లో మత కలహాలతో కాలిపోయిన ఆ ఊళ్లో, 1980ల చివర పోలీసు అధికారి సురేశ్ ఖోపడే ప్రతి మొహల్లాకు హిందూ ముస్లిం సామాన్యులతో కమిటీలు వేశారు. పెద్దమనుషులు, నాయకులతో నిండే పాత శాంతి కమిటీల కంటే ఇవి భిన్నమైనవి. మగ్గం కార్మికుడు, చిన్న దుకాణదారుడు, బీటు కానిస్టేబులు క్రమం తప్పక కలిసి కూర్చుని చిన్న తగాదాలను అక్కడికక్కడే తీర్చుకునేవారు. 1992 డిసెంబరు, 1993 జనవరిల్లో ముంబయి, సూరత్ మండుతుంటే భివండీ ప్రశాంతంగా నిలబడింది. ఎవరిని పిలవాలి అన్న ప్రశ్నకు ఇచ్చిన సమాధానమే ఫలితాన్ని మార్చిందని ఈ అనుభవం చెబుతుంది. అయితే ఒక అధికారి సంకల్పం మీద నిలిచిన ఏర్పాటుకు చట్టం అండ లేదు.

చట్టబద్ధత కోసం చూస్తే కేరళ 2008లో ప్రారంభించిన జనమైత్రీ పథకం తరువాత 2011 పోలీసు చట్టంలో సముదాయ సంపర్కానికి చోటిచ్చింది. తమిళనాడు 1993లో రామనాథపురంలో మొదలుపెట్టిన పోలీసు మిత్రుల ఉద్యమం, పర్యవేక్షించే పౌరుడికి బదులు పోలీసుకు సహాయకుడైన పౌరుడిని తయారుచేసింది. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు హింసకు చనిపోయాక ఆ ప్రభుత్వం దాని సేవలను నిలిపివేయవలసి వచ్చింది. విదేశాల్లో ఇంగ్లండ్, వేల్స్ 2012 నుంచి పోలీసు, నేర వ్యవహారాల కమిషనర్లను ఎన్నుకుంటూ వచ్చాయి, కాని తొలి ఎన్నికలో ఓటువేసినవారు సుమారు 15 శాతమే, ఆ పదవులను రద్దు చేస్తామని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రకటించింది. షికాగో 2023లో తన 22 పోలీసు జిల్లాల్లో ఒక్కోదానికి ముగ్గురు సభ్యుల మండలిని ఎన్నుకుంది. ఎన్నిక ఒక్కటే మందు కాదన్నది ఇంగ్లండ్ అనుభవం. ఠాణాకు దగ్గరగా ఉన్న చిన్న మండలికి షికాగోలో ఇంకా పరీక్ష జరుగుతున్నది.

సూరత్‌కు తన చరిత్రలోనే దగ్గరి ఉదాహరణ ఉంది. 1994లో ప్లేగు భయంతో లక్షల మంది ఊరు విడిచి పారిపోయాక, 1995లో నగరపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని ఆరు జోన్లుగా విభజించి, అధికారాలను జోన్ అధికారులకు దించి, రోజూ ఉదయం అధికారులందరినీ వీధుల్లోకి పంపి, మధ్యాహ్నం అదే రోజు లెక్క అప్పజెప్పించుకున్నారు. అది ప్రజాస్వామిక పర్యవేక్షణ కాదు, గట్టి అధికారి నడిపిన పాలనా క్రమశిక్షణ. అయినా ఏ జోన్‌లో ఏం జరిగిందో పేరు పేరునా తెలియడం వల్ల చెత్త పేరుకున్న ఊరు రెండేళ్లలో శుభ్రతకు పేరుమోసింది. నేరాల గణాంకాలు మాత్రం ఈనాటికీ నగరమంతటికీ కలిపే ప్రచురితమవుతాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో తన నివేదికల్లో లెక్కించే 19 మహానగరాల్లో సూరత్ ఒకటి, కాని లింబాయత్‌కూ, అదే నగరంలోని పాల్ ప్రాంతానికీ మధ్య తేడా ఆ పట్టికలో కనబడదు. ఫిర్యాదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని నమోదయ్యాయి, సోదాలు ఏ పేటల్లో జరిగాయి అన్నవి ఠాణాలవారీగా వెలువడితే, జనాభా మూడు లక్షలు, అంతకు మించిన నగరాలకు రాజ్యాంగం 243ఎస్ అధికరణ నిర్దేశించిన వార్డు కమిటీలు కనీసం ప్రశ్న అడగడానికి ఆధారమైనా సంపాదించుకుంటాయి.

చట్టంలో మేయర్‌కు పోలీసు ఠాణా లోపలికి చూసే వీలు కల్పించిన చోటు ఒకటి ఇప్పటికే ఉంది. పరంవీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలోనూ ధ్వనితో సహా నమోదుచేసే కెమెరాలు పెట్టాలని, జిల్లా పర్యవేక్షణ కమిటీలో కలెక్టరు, పోలీసు సూపరింటెండెంట్‌లతోపాటు పట్టణాల్లో మేయర్, పల్లెల్లో జిల్లా పంచాయతీ అధ్యక్షుడు ఉండాలని ఆదేశించింది. నివేదిక కాకుండా దాగిపోయిన మానవ హక్కుల ఉల్లంఘనలేమైనా ఉన్నాయేమో దృశ్యాలు పరిశీలించడం ఆ కమిటీ విధుల్లో ఒకటి. ఠాణాల్లో కెమెరాలు పనిచేయడం లేదన్న వార్తల మీద 2025 సెప్టెంబరులో కోర్టు తనంతట తానే మళ్లీ విచారణ చేపట్టవలసి వచ్చిందంటే, ఈ కమిటీలు ఎంత శ్రద్ధగా కూర్చున్నాయో ఊహించవచ్చు. అదే తీర్పు ప్రకారం ఠాణా ముంగిట ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషల్లో పెద్ద బోర్డు ఉండాలి: ఇక్కడ కెమెరాలున్నాయని, హక్కులకు భంగం కలిగితే ఎక్కడ ఫిర్యాదు చేయాలో, దృశ్యాలను భద్రపరచమని కోరే హక్కు బాధితుడికి ఉందని. నగరపాలక సంస్థ తన బడుల్లో గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లో పిల్లలకు అక్షరాలు నేర్పిస్తున్న ఊళ్లో, లింబాయత్ ఠాణా గోడ మీది ఆ బోర్డు ఎన్ని లిపుల్లో ఉండాలో అడిగే వీలు, ఆ కమిటీలో కూర్చునే మేయర్‌కు ఈరోజే ఉంది.